నలభై ఎనిమిది తీగలు, ఒకే పొడవు

నెట్‌వర్క్ తీగలు లాగే పనివాళ్ళలో ఆ అన్నని ఎక్స్‌ప్రెస్ అనీ, చెల్లెలిని కొలతలమ్మ అనీ పిలిచేవారు. వేళాకోళానికి పెట్టిన పేర్లు కావవి. అన్న నిచ్చెన ఎక్కాడంటే కింద పట్టుకున్నవాడు ఊపిరి పీల్చుకునేలోగా దిగిపోతాడు. చెల్లెలు ఎక్కిందంటే కింద పట్టుకున్నవాడు ఓ కునుకు తీసి లేవొచ్చు. అన్న వెళ్ళి నలుగురిని నవ్వించి పని సంపాదించుకొచ్చేవాడు, చెల్లెలు తల వంచుకుని ఆ పని చేసేది. పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరి బండీ అలాగే నడిచింది.

ఆ పద్దెనిమిదేళ్ళలో ఆమె సంపాదించుకున్నది ఒకటే ఉంది. పని పూర్తయ్యాక ప్రతి తీగనీ టెస్టర్‌తో పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టులో పరీక్షించినవారు అన్న చోట ఆమె పేరుంటే ఎవరూ రెండోసారి తెరిచి చూసేవారు కాదు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఒకసారి ఒక తీగ పరీక్షలో బొటాబొటిగా నెగ్గితే, నెగ్గింది కదే తల్లీ అని అన్న ఎంత మొత్తుకున్నా వినకుండా పెకలించి మళ్ళీ లాగింది. ఆ రోజు అన్న ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు మామూలే. వాళ్ళ కోపాలు అంతకంటే ఎక్కువ నిలిచేవి కావు.

ఈసారి దొరికిన పని అంబులెన్సుల కాల్ హాలు. ఎక్కడ ఎవరికి గుండె పట్టేసినా, ఎవరి కారు బోల్తా పడినా, సాయం కోసం చేసిన ఫోను ఆ హాలుకే వస్తుంది. నలభై ఎనిమిది బల్లలు, బల్లకో మనిషి, మనిషికో కంప్యూటరు. హాలు బాగుచేయడానికి ఆ ఫోన్లు ఎత్తేవాళ్ళని తాత్కాలికంగా పై అంతస్తుకి పంపారు. సోమవారం తిరిగి కిందికి రావాలి. పాతవాళ్ళు చేసిన ఘనకార్యం ఏమిటంటే, పైకప్పులోంచి దిగిన తీగల కొసలకి ప్లగ్గులు కొట్టి నేరుగా, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెలో గుచ్చేశారు. ఏ తీగ ఏ బల్లదో దేవుడికే తెలియాలి. ఒకదాన్ని కదిపితే పక్కవి నాలుగు ఊడేవి.

హాలు బాధ్యత చూసే మేడమ్ పొడుగాటి మనిషి, పొట్టి మాటల మనిషి. మొదటిరోజు అన్న తన ధోరణిలో ఏవో జోకులు వేయబోతే ఆవిడ నవ్వలేదు. చెల్లెలి వైపు తిరిగి, ఇంకో కట్టడంలో ఆమె చేసిన పని చూశానని, అందుకే పిలిపించానని చెప్పింది. తర్వాత ఒక్క మాట అంది. “ఇక్కడ లైను మధ్యలో పోతే, అవతలి మనిషి మళ్ళీ ఫోన్ చేసే స్థితిలో ఉండకపోవచ్చు.”

చెల్లెలు ఆ మాటని మనసులో పెట్టుకుంది. అన్న బయటికొచ్చాక, ఈవిడ నవ్వితే పళ్ళు రాలిపోతాయేమో అన్నాడు.

కావలసింది ప్యాచ్ ప్యానెల్. రాక్ అనే నిలువు చట్రానికి, దాని వెడల్పున బిగించే ఇనప పట్టీ అది. ముందువైపు వరసగా సాకెట్లుంటాయి, వెనకవైపు సన్నటి పళ్ళుంటాయి. పైకప్పు నుంచి వచ్చిన తీగలు ఆ పళ్ళలో శాశ్వతంగా కుదురుకుంటాయి, వాటినిక ఎవరూ ముట్టుకోరు. ముందువైపు సాకెట్ల నుంచి స్విచ్‌కి మూరెడు తీగలు వేస్తారు. మార్చినా, పాడైనా ఆ మూరెడు తీగలే. చెప్పడానికి ఇంతే, ఎంచుకోవడానికి మాత్రం దుకాణంలో ఒక పూట పట్టింది.

దుకాణదారుకి కొలతలమ్మ సంగతి తెలుసు. ఆమెని చూడగానే కుర్చీ వేయించి, ఉన్నవన్నీ బల్లమీద పరిచాడు. అన్న కన్ను రెండువైపులా సాకెట్లున్న రకం మీద పడింది. వెనక ప్లగ్గు గుచ్చడమే, పళ్ళతో పనిలేదు, సాయంత్రానికి చేతులు దులుపుకోవచ్చు. ప్లగ్గు పెట్టిన ప్రతిచోటా అదనంగా ఒక అతుకు ఉన్నట్టేనని, అతుకు ఉన్నచోట ఎప్పుడో ఒకప్పుడు తగాదా తప్పదని చెల్లెలు దాన్ని పక్కకి నెట్టేసింది. మెరిసే లోహపు తొడుగుల రకం చూపించాడు దుకాణదారు. తమ తీగలకి ఆ రేకు తొడుగు లేనప్పుడు ప్యానెల్‌కి మాత్రం ఎందుకు, నగ పెట్టుకున్నట్టు తప్ప పనికిరాదంది. నలభై ఎనిమిదీ ఒక్క పట్టీలో ఇరికించినది చూసి, దీని వెనక వేలు పెడితే బయటికి రాదంది.

చివరికి ఇరవైనాలుగు సాకెట్లవి రెండు తీసుకుంది. తీసుకునే ముందు ప్రతిదాన్నీ రెండు చివర్లా బల్ల మీద ఆనించి, నడిమధ్య బొటనవేలితో గట్టిగా నొక్కింది. తీగని పళ్ళలోకి కొట్టేటప్పుడు పట్టీ లోపలికి వంగితే తీగ సగమే కూర్చుంటుంది, సగం కూర్చున్న తీగ పైకి మాత్రం చక్కగా కనిపిస్తుంది. రెండు పట్టీలు వంగాయి. వాటిని వదిలేసి గట్టివి ఏరుకుంది. దుకాణదారు అన్న వైపు చూసి, పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడరండీ అన్నాడు. అన్న నవ్వి, “మా చెల్లెలు నొక్కి చూడందే దేన్నీ నమ్మదు, నన్నొక్కణ్ణి తప్ప,” అన్నాడు. ఆ మాటకి ఆమె కూడా నవ్వింది.

పాత రాక్ నీటి గొట్టం పక్కన ఉండేది. కొత్తదాన్ని ఎదురు మూలకి, పొడిగా ఉన్నచోటికి మార్చారు. దాంతో చిక్కొచ్చింది. ముప్పైనాలుగు తీగలు కొత్త చోటికి అందాయి. పద్నాలుగు అందలేదు, నాలుగేసి మీటర్లు తక్కువయ్యాయి. ఆ పద్నాలుగూ తీసేసి, బల్ల నుంచి రాక్ దాకా ఎక్కడా అతుకు లేకుండా కొత్తవి లాగాలని చెల్లెలు తేల్చేసింది. అన్న ఒప్పుకున్నాడు. పైకప్పు పని, బల్లల వైపు పని తనకి వదిలెయ్యమన్నాడు. నువ్వు నీ పళ్ళ పని చూసుకోవే అన్నాడు.

ఆ సాయంత్రానికల్లా పద్నాలుగు కొత్త తీగల కొసలు రాక్ పక్కన వేలాడుతున్నాయి. నీలం రంగు తొడుగు, చెయ్యి పడని నిగనిగ. ఒక్కరోజులో పద్నాలుగు. ఆమె ఆశ్చర్యపోయింది. నిన్ను ఊరికే ఎక్స్‌ప్రెస్ అనలేదు అన్నయ్యా అని మెచ్చుకుంది కూడా. అన్న భుజాలు ఎగరేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

తర్వాతి రెండు రోజులూ ఆమెకి లోకం తెలియలేదు. ఒక్కో తీగ తొడుగు ఒలవడం, లోపలి నాలుగు జతలనీ విడదీయడం, జతల మెలిక అర అంగుళానికి మించి విప్పకుండా రంగుల వరస ప్రకారం పళ్ళలో పరచడం, కొట్టే పనిముట్టుని నిటారుగా పట్టుకుని నొక్కడం. టక్కుమంటుంది, మిగిలిన కొస తెగి కింద పడుతుంది. తీగకి ఎనిమిది టక్కులు. నలభై ఎనిమిది తీగలు. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఎత్తి ఆగమనేది, వరస పూర్తయ్యాకే తల తిప్పేది. పద్నాలుగు నీలం కొసలనీ కూడా ఆ చేత్తోనే అంతే శ్రద్ధగా కూర్చోబెట్టింది. మంగళవారం సాయంత్రం వెనక నుంచి చూస్తే తీగలన్నీ దువ్విన జుట్టులా ఉన్నాయి.

ఇక పరీక్షే మిగిలింది. బుధవారం వాళ్ళ అమ్మకి కంటి ఆపరేషన్. ఇద్దరిలో ఎవరో ఒకరు ఆవిడతో వెళ్ళాలి. ఎప్పుడూ ఆస్పత్రి అనగానే చెల్లెలే వెళ్ళేది, ఆ రోజుకి పని ఆగిపోయేది. ఈసారి పని ఆపడానికి వీల్లేదు, తను ఉండిపోతానంది ఆమె. అన్న ఒప్పుకోలేదు. ఆడపిల్ల పక్కనుంటే అమ్మకి ధైర్యం అన్నాడు. కష్టమైన పనంతా చేశావు, మీట నొక్కే పని నేను చెయ్యలేనా అన్నాడు. వాళ్ళిద్దరినీ తనే ఆస్పత్రి దాకా దింపి, అమ్మ చెప్పులు విప్పి సంచీలో పెట్టి, చెల్లెలి చేతికి మంచినీళ్ళ సీసా ఇచ్చి మరీ వెళ్ళాడు. తోడబుట్టినవాడంటే ఇలా ఉండాలి అనుకుంది ఆమె. కళ్ళు కూడా చెమర్చాయి.

మధ్యాహ్నం అన్న నుంచి ఫోనొచ్చింది. అమ్మని లోపలికి తీసుకెళ్ళారా, భయపడిందా, ఏమైనా తిన్నదా అని అన్నీ అడిగాడు. ఆఖర్న, టెస్టర్ తెరవడానికి తన అంకెలు మర్చిపోయానని, ఆమె నాలుగంకెలు చెప్పమన్నాడు. చెప్పింది. అన్నకి ఏదీ గుర్తుండదని లోపల్లోపల నవ్వుకుంది కూడా.

గురువారం పొద్దున ఆమె హాలుకి వెళ్ళేసరికి రిపోర్టు ముద్రించి, కుట్టి, మేడమ్ బల్ల మీద ఉంది. ఆఖరి పేజీలో ఆమె సంతకానికి చోటు వదిలారు. మీ అన్నయ్య పెట్టి వెళ్ళాడు, సంతకం చేస్తే అయిపోతుంది అంది మేడమ్, కలం అందిస్తూ. ఆమె కలం తీసుకుంది. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? సంతకం పెట్టే ముందు పేజీలు తిరగేసింది.

టెస్టర్ ప్రతి తీగ పొడవునీ కొలుస్తుంది. మొదటి బల్ల తీగ ఇరవైరెండు మీటర్ల నలభై. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మొదటి బల్ల రాక్‌కి పక్కనే ఉంది, పది మీటర్లు దాటకూడదు. రెండోది ఇరవైరెండు నలభై. మూడోది ఇరవైరెండు నలభైఒకటి. పదకొండోది, ఇరవయ్యోది, హాలు ఆ కొసన కిటికీ పక్కనున్న నలభై ఎనిమిదోది, అన్నీ ఇరవైరెండు నలభై. మొదట నవ్వొచ్చింది. మిషన్‌కి మతి పోయిందనుకుంది. పక్కన సమయం చూసింది. నలభై ఎనిమిది పరీక్షలూ ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. టెస్టర్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి రాక్ దగ్గర పెట్టి, రెండోది ఒక్కో బల్లకీ మోసుకెళ్ళి గుచ్చాలి. ఎంత ఎక్స్‌ప్రెస్ అయినా ఇరవై నిమిషాల్లో నలభై ఎనిమిది బల్లలు తిరగడం మనిషి వల్ల కాదు.

ఎవరూ తిరగలేదు. మంచి తీగ ఒకదాన్ని పట్టుకుని, దాన్నే నలభై ఎనిమిదిసార్లు పరీక్షించి, నలభై ఎనిమిది నంబర్లు వేశారు. ఈ పనిలో ఉన్న దొంగలు చేసే పనే అది. అలా చేసినవాళ్ళని అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎన్నోసార్లు తిట్టుకుని నవ్వుకున్నారు. ప్రతి పేజీ అడుగునా పరీక్షించినవారు అన్నచోట ఆమె పేరుంది. ఎవరి అంకెలతో టెస్టర్ తెరిస్తే వాళ్ళ పేరే పడుతుంది. బుధవారం, మధ్యాహ్నం మూడు దాటాక. ఆ వేళకి ఆమె ఆస్పత్రి వరండాలో, అమ్మ కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కలం మూత పెట్టి, రేపటిదాకా సమయం ఇవ్వమని మేడమ్‌ని అడిగింది.

ఒక్కరోజులో వచ్చేసిన పద్నాలుగు నీలం తీగలు గుర్తొచ్చి, నిచ్చెన వేసుకుని నడవ పైకప్పు పలక ఎత్తింది. వెతకక్కర్లేకపోయింది. పద్నాలుగు అతుకులు వరసగా ఉన్నాయి. పాత తీగల్ని కత్తిరించి, వాటికి నాలుగు మీటర్ల కొత్త నీలం ముక్కలు మెలేసి, నల్లటి టేపు చుట్టేసి ఉంది. రాక్ వైపు కొస కొత్తగా కనిపిస్తే చాలు, ఆమె ఇక పైకి చూడదని అన్నకి తెలుసు. ఆమె నిజంగానే చూడలేదు. పైగా మెచ్చుకుంది. ఆ మెప్పు గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయింది.

సంతకం అయిపోయిందా అంటూ అన్న హాల్లోకి వచ్చాడు. ఆమె రిపోర్టు చేతికిచ్చింది. అన్నీ పాసేగా అన్నాడతను. అన్నీ ఒకే తీగ అందామె. మొదట తప్పంతా మిషన్ మీద పెట్టాడు, తర్వాత కాగితం ముద్రించినవాడి మీద పెట్టాడు. ఆమె వేళ్ళకి అంటుకున్న నల్ల జిగురు చూశాక ఆగిపోయాడు.

అప్పుడు చెప్పాడు. నడవ గోడలోని గొట్టం ఎక్కడో పూడుకుపోయింది, తాడు దూరలేదు. గోడ పగలగొడితే మూడు రోజులు. సోమవారానికి హాలు ఇస్తానని మేడమ్‌కి తనే మాటిచ్చాడు. అతుకులు జాగ్రత్తగానే వేశాడు, ఒక్కటీ ఊడదు. మరి జాగ్రత్తగా వేస్తే పరీక్షించలేదేం అని అడిగింది. పరీక్షిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

“అది వదిలెయ్ అన్నయ్యా. చేసినవాడివి నీ పేరు పెట్టుకోలేదేం?”

అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు లెక్క చెప్పేటప్పుడు వేసినట్టే. “నా పేరుంటే ఆవిడ ఇంకొకడిని పిలిపించి చూపిస్తుందే. నీ పేరుంటే తెరిచి కూడా చూడదు,” అన్నాడు.

అది పొగడ్తే. అతను పొగడ్తగానే అన్నాడు. అంతసేపూ ఆమెకి కోపమే ఉంది, ఆ మాటతో కోపం కూడా ఎటో పోయింది. పద్దెనిమిదేళ్ళు ఒక్కో తీగా పెకలించి మళ్ళీ లాగి ఆమె కూడబెట్టుకున్నదాన్ని, దొంగ సరుకు మీద కప్పే గుడ్డలాగా వాడుకున్నాడు. అమ్మ ఆపరేషన్ రోజున వాడుకున్నాడు. ఆస్పత్రికి దింపిందీ, చెప్పులు విప్పిందీ, నీళ్ళ సీసా ఇచ్చిందీ, అన్నిటికీ ఇప్పుడు ఇంకో అర్థం వచ్చి కూర్చుంది.

“రేపు ఒకటి ఊడి, అవతల ఎవరో చచ్చిపోతే, ఎవర్ని పిలిచి అడుగుతారు?” అంది.

ఊడదన్నాను కదే అన్నాడతను. ఇప్పటికి సంతకం పెట్టెయ్యమన్నాడు. తర్వాత తీరిగ్గా ఒక ఆదివారం ఇద్దరూ వచ్చి మార్చేద్దాం అన్నాడు. ఆ ఆదివారం ఏ నెలలోనూ రాదని ఆమెకి తెలుసు. అతని చెయ్యి భుజం మీంచి తీసేసి, టెస్టర్ పెట్టె తెరిచింది. నీ ఇష్టం అని అన్న విసురుగా వెళ్ళిపోయాడు.

ఒక్కర్తే పరీక్షించింది. ఒక ముక్క బల్ల దగ్గర గుచ్చి, హాలు దాటి రాక్ దగ్గరికి నడిచి, మీట నొక్కి, రాసుకుని, మళ్ళీ బల్ల దగ్గరికి. మొదటి తీగ తొమ్మిది మీటర్లు. నలభై ఎనిమిదోది యాభైఒకటి. అసలు కొలతలు కనిపిస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నడిచింది. ముప్పైనాలుగు పాసయ్యాయి. పద్నాలుగు తప్పాయి. తప్పిన ప్రతిదానికీ, రాక్ నుంచి నాలుగు మీటర్ల దగ్గర ఏదో ఉందని మిషన్ వేలెత్తి చూపించింది.

ఆ రిపోర్టుని సాయంత్రం మేడమ్‌కి ఇచ్చి ఇంటికెళ్ళింది. అన్న ఫోన్ ఎత్తలేదు. అతను రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్నే వస్తాడని, తనే మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తాడని ఆమె నమ్మింది. తను చెబితే చాడీ అవుతుంది, అన్న చెబితే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది. అందుకే రిపోర్టు ఇచ్చేటప్పుడు ఎవరి పేరూ ఎత్తలేదు. అదొక పొరపాటు.

శుక్రవారం పొద్దున మేడమ్ ఇద్దరినీ పిలిపించింది. బల్ల మీద రెండు రిపోర్టులూ పక్కపక్కన ఉన్నాయి. ఆవిడ గొంతు పెంచలేదు. “రెండింటి మీదా మీ పేరే ఉంది. ఒకదాంట్లో అన్నీ బాగున్నాయి, ఇంకోదాంట్లో పద్నాలుగు బాగాలేవు. నేను దేన్ని నమ్మాలి?”

పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. మొహం మీద కొట్టినట్టయింది. అన్న వైపు చూసింది. ఇప్పుడైనా చెబుతాడనుకుంది.

అన్న గొంతు సవరించుకున్నాడు. “టెస్టర్ పనంతా మా చెల్లే చూసుకుంటుంది మేడమ్. నాకంతగా తెలీదు.”

హాల్లో ఎవరో బల్ల జరుపుతున్న చప్పుడు వినిపించింది. ఆమె మొదటి రిపోర్టుని వేలితో పక్కకి జరిపింది. మొదటిది నేను చేసింది కాదు అంది. బుధవారం మధ్యాహ్నం తను ఇక్కడ లేనని, కంటి ఆస్పత్రిలో అమ్మ దగ్గర ఉన్నానని చెప్పింది. ఆ మాట ఎవరైనా చెప్పగలరా అని మేడమ్ అడిగింది. అడగడంలో న్యాయముంది, అయినా ములుకులా గుచ్చుకుంది.

“మా అమ్మ చెబుతుంది,” అని ఫోన్ తీసింది.

“అమ్మకి చెయ్యకే,” అన్నాడు అన్న. ఆ గదిలో అడుగుపెట్టాక అతను చెల్లెలి మొహం చూడడం అదే మొదటిసారి. “కంటికి కట్టుంది. ఏడవకూడదన్నారు.”

మేడమ్ తలెత్తి అతన్ని చూసింది.

“బుధవారం పక్కనెవరున్నారని అడిగితే, ఆవిడ ఎందుకు ఏడుస్తుంది?”

అన్న నోరు తెరిచి మూసుకున్నాడు. చెల్లెలి వేలు అమ్మ పేరు మీదే ఉంది. నొక్కలేదు. ఇక నొక్కాల్సిన పని లేదు.

మేడమ్ మొదటి రిపోర్టుని సొరుగులో పడేసి తాళం వేసింది. సోమవారం హాలు తెరవడం లేదని, పద్నాలుగు తీగలూ కొత్తవి లాగాలని, అవసరమైతే గోడ పగలగొట్టమని చెప్పింది. తర్వాత కొంచెం ఆగి, ఈసారి కొంత మెత్తగానే, పరీక్షకి బయటినుంచి వేరే మనిషిని పిలుస్తానంది. నలభై ఎనిమిదీ అతనే చూస్తాడు, అతని పేరుతోనే రిపోర్టు వస్తుంది. మిమ్మల్ని నమ్మక కాదు అని కూడా అంది. నమ్మకపోవడమంటే అదేనని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. చెల్లెలు సరేనంది. ఆవిడ స్థానంలో ఉంటే తనూ అదే చేసేది.

నడవలో అన్న ఆమె వెనకే వచ్చాడు. పేరు పెట్టి కాదు, చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచాడు. ఆమె ఆగింది. అతని ముక్కు ఎర్రబడింది, కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తప్పయిందే అని అతను అంటే ఏమనాలో ఆమె రాత్రే అనుకుని పెట్టుకుంది. నాలుగు దులిపేసి, ఆ తర్వాత సరేలే పద, పని చూద్దాం అనాలనుకుంది. ఇంత జరిగాక కూడా ఆ మాటలు ఆమె నాలుక చివరే ఉన్నాయి.

“తోడబుట్టినదానివై ఉండి, పరాయి మనిషి ముందు నన్ను దొంగని చేశావు కదే,” అన్నాడు.

అతను నిజంగానే ఏడుస్తున్నాడు. నటన కాదు, నటన అయినా బాగుండేది. మోసపోయినవాడు తనేనని మనసారా నమ్ముతున్నాడు. ఇంట్లో అలాగే చెబుతాడు, అమ్మ కట్టు విప్పాక ఆవిడకీ అలాగే చెబుతాడు. అతను మొహం తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మెట్ల మలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తాడేమోనని ఆమె నిలబడింది. చూడలేదు.

ఆమె నిచ్చెన వేసుకుని పద్నాలుగు అతుకులూ కత్తిరించింది. గోడ తొలిచి, పూడిన గొట్టం తెరవడానికి మూడు రోజులూ పట్టింది. ఆ తర్వాత కొత్త తీగల పెట్టె తెరిచి తాడు కట్టింది. ఈ చివర ఒకరు తీగ వదులుతుంటే ఆ చివర ఇంకొకరు తాడు లాగాలి. ఎక్కడ బిగిసిందో, ఎక్కడ ఆగాలో చేతికి తెలియాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆ చివర అన్నే ఉండేవాడు, ఇద్దరికీ మాట అక్కర్లేకపోయేది. ఆమె గేటు దగ్గరికి వెళ్ళి కాపలా మనిషిని సాయం రమ్మని బతిమాలింది. పైకి తీసుకొచ్చి, తాడు అతని చేతికిచ్చి, గట్టిగా గుంజకూడదని, బిగిసినట్టు అనిపిస్తే వెంటనే కేక వెయ్యాలని మొదటినుంచీ నేర్పడం మొదలుపెట్టింది.